కొండ భుజానికి అవతల

రాతి బంగళా, కొండ మీద
సోమవారం

మరదలు పిల్లా,

చేరాం. ఎముకలన్నీ తడిమి చూసుకున్నాను, ఏదీ తగ్గలేదు. ఆఖరి మలుపులో బస్సు వెనక చక్రం సగం గాల్లో ఉందని మీ అన్నయ్య దిగాక చెప్పారు, అదీ నవ్వుతూ. నేను కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నాను. తెలిసిన ప్రార్థనలన్నీ అయిపోయాయి గానీ కొండ అయిపోలేదు. ఇక మన టైలరింగ్ కొట్టులో కొలతలు వల్లించుకుంటూ వచ్చాను: ఛాతీ, నడుము, చేతి పొడవు. దేవుడు వాటినీ ప్రార్థన కిందే జమ వేసుకుని ఉంటాడు.

ఇదంతా నీ వల్లే. ప్రతి వేసవికీ మీ అన్నయ్య చర్చి కుర్రకారుని వెంటేసుకుని కొండెక్కడం, మనిద్దరం కొట్టు చూసుకోవడం మామూలే కదా. ఈసారి వాళ్ళ వంటామెకి నడుం పట్టేసిందని తెలియగానే, నీ కంటి ఆపరేషన్‌కి తోడుంటానన్న నన్ను బయటికి గెంటావు. "కట్లు కట్టిన కళ్ళకి నీ మొహం కనిపిస్తుందా? పక్కన కూర్చుని ఏం చేస్తావు, వెళ్ళు" అన్నావు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, నువ్వు మొగుడున్నర.

వచ్చినవాళ్ళంతా ఫ్యాక్టరీల్లో, కొట్లల్లో పనిచేసే పిల్లలే. ఏడాదంతా పొగలో బతికి ఇక్కడికొచ్చి గాలి పీల్చుకుంటున్నారు. అందులో సీసాల ఫ్యాక్టరీలో లేబుళ్ళు అంటించే అమ్మాయి ఒకతి ఉంది. అమ్మా నాన్నా లేరు, ఫ్యాక్టరీ హాస్టల్లో ఉంటుంది. నోటికి మూత లేదు, అందుకే అందరూ చిలక అని పిలుస్తున్నారు. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే పక్కన కూర్చుని నా బదులు తను ఏడుస్తుంది. "అక్కా, మీకు పెళ్ళికి ముందు ఆయన తెలుసా? ఎప్పుడూ ఇలాగే పాడేవారా? మీరు భరించారా?" అని ఒకటే ప్రశ్నలు.

నిన్న వాగు దాటించారు నన్ను. వాగు మీద ఒక దుంగ, అంతే, పట్టుకోవడానికి ఒక తాడు. మీ అన్నయ్య అవతలి ఒడ్డున నిలబడి చేతులు చాపారు.

"కిందికి చూడకు."

"మరెటు చూడను?"

"నన్ను చూడు."

"మిమ్మల్ని చూస్తే ఇంకా భయం."

పిల్లలంతా పడీపడీ నవ్వారు. దాటాను. దాటాక రాయి మీద కూలబడితే, చిలక వచ్చి నా వీపు నిమిరింది.

ఉత్తరం ఎవరు చదివి పెడుతున్నారు నీకు? ఇక్కడ ఫోన్లు పనిచేయవు. రొట్టెల బండి డ్రైవరే మా పోస్టుమాన్.

మీ వదిన

*చెల్లీ, మీ వదిన దుంగ మీద నడిచింది. చరిత్రలో రాసుకో. మంచు ముక్క ఒకటి పంపుదామనుకున్నాను, కవరు తడుస్తుందని ఒప్పుకోలేదు. అన్నయ్య.*

కంటి ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం
గురువారం

వదినా,

నేను చెప్తుంటే రాస్తున్నది పక్క మంచం పెద్దమ్మ. జన్మంతా రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని బండ్ల రాకపోకలు చదివిందట. నీ ఉత్తరం ఆవిడ గొంతులో విన్నాను. "దుంగ మీద నడిచింది" అన్నచోట ఫలానా బండి ఫలానా ప్లాట్‌ఫారం మీదకి వచ్చుచున్నది అన్నట్టుంది.

(ఇది నేను, పెద్దమ్మని. నాకు ఒక కంట్లోనే శుక్లం తీశారు, రెండోది భేషుగ్గా ఉంది. మీ మరదలికి రెండు కళ్ళకీ కట్లున్నా నోటికి లేదు. ఆ చిలక ఎవరో గానీ ఇక్కడొకతి ఉంది.)

విన్నావా? ఇదీ నా రాత.

ఆపరేషన్ అయింది. కంటి వెనక పొర ఊడి వచ్చిందట, అతికించారు. అది అంటుకునేదాకా తల కదపకూడదు. తలకి అటూ ఇటూ ఇసక సంచులు పెట్టారు. తుమ్మకూడదు, దగ్గకూడదు, గట్టిగా నవ్వకూడదు. అన్నిటికంటే ముఖ్యం ఏడవకూడదు. "ఒక్కసారి వెక్కి వెక్కి ఏడ్చావంటే నేను చేసిందంతా నీళ్ళపాలే" అన్నాడు డాక్టరు. "నాకు ఏడుపు ఎందుకొస్తుంది డాక్టర్, మా వదిన కొండ మీదుంది, నాకు సెలవులే" అన్నాను.

నిజానికి భయంగా ఉంది వదినా. సూదిలో దారం ఎక్కించలేని టైలరు ఎందుకు పనికొస్తుంది? పొద్దున్నే మనసులో ఒక కీర్తన పాడుకుంటాను, చరణాలన్నీ వచ్చేదాకా వదలను. పెద్దమ్మకి దేవుడంటే నమ్మకం లేదట. "ఉంటే టైం టేబుల్ ఎందుకు పాటించడు?" అంటుంది.

నువ్వు చూసినవన్నీ రాయి. ఈ వేసవికి నా కళ్ళు నువ్వే.

నీ మరదలు

రాతి బంగళా
బుధవారం

నా మొగుడున్నర గారికి,

చూశాను. నీకోసమే చూశాను.

నిన్న చీకటితో లేపి మంచు అంచు దాకా తీసుకెళ్ళారు. చిలక నా ముందు, మీ అన్నయ్య వెనక. నేను జారితే ఆయన మీద పడతాను, ఆయన ఆగుతారు, ఆయన ఒళ్ళు అందుకు సరిపోతుంది. పైకెళ్ళేసరికి తూర్పున ముందు బూడిద రంగు, తర్వాత మనం పెళ్ళి గౌన్లకి లోపల వేసే లైనింగు సిల్కు ఉంటుంది చూడు, ఆ లేత రంగు. అది కొండ మొత్తం మీద పరుచుకుంది. ఎవరూ మాట్లాడలేదు. చిలక కూడా. అప్పుడు మీ అన్నయ్య కీర్తన ఎత్తుకున్నారు. శ్రుతి ఎక్కడో కింద వాగులో పడిపోయింది, అయినా అందరం అందుకున్నాం.

నేను పుట్టినప్పటి నుంచీ చర్చికి వెళ్తున్నదాన్నే. నీకు తెలుసు, నా ప్రార్థన ఎప్పుడూ కాజాలు కుట్టినట్టు ఉంటుంది, చెయ్యి అలవాటుగా చేసుకుపోతుంది. నిన్న మాత్రం ఎవరో పక్కనే నిలబడి వింటున్నట్టు అనిపించింది. నవ్వకు. నవ్వకూడదు కూడా, ఇసక సంచులు కదులుతాయి.

చిలకకి కాజాలు కుట్టడం నేర్పుతున్నాను. చెయ్యి బాగుంది. కొట్లో పెట్టుకుందామా?

రేపు మీ అన్నయ్య, గైడు కలిసి కొందరిని కొండ భుజం మీదుగా, అంటే శిఖరం పక్కన వాలిన గట్టు మీదుగా, పైన కొండెక్కేవాళ్ళు ఆగే గుడిసెకి తీసుకెళ్తున్నారు. చిలక కూడా వెళ్తోంది. ఆ ఉత్సాహం చూడాలి, బూట్లు తొడుక్కుని పడుకుంది. రొట్టెలు కట్టిపెట్టాలి, ఉంటాను.

మీ వదిన

*చెల్లీ, వదిన ఏడ్చింది, పొగ అంటోంది, నమ్మకు. మనం నాన్నతో వచ్చినప్పటి కొండ కొండలాగే ఉంది. నువ్వు లేని లోటే. అన్నయ్య.*

రాతి బంగళా
శనివారం

మరదలా,

ఎలా ఉన్నావు? తల కదపకుండా పడుకో. డాక్టరు చెప్పినట్టు విను.

ఇక్కడ వాన. వడగళ్ళు కూడా పడ్డాయి. పని ఎక్కువగా ఉంది, వచ్చేపోయేవాళ్ళకి టీలు పెట్టడమే సరిపోతోంది. మీ అన్నయ్య చేతులు ఖాళీ లేక రాయలేదు. ఏమీ అనుకోకు.

ప్రార్థన చెయ్యి, మామూలుగా చేసేదే.

వదిన

కంటి ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
సోమవారం

వదినా,

నీ ఉత్తరం ఇంత పొట్టిగా ఎప్పుడూ లేదు. బట్టలు కొలవడానికొచ్చి పేచీ పెట్టేవాళ్ళ గురించి కూడా నువ్వు పేజీలు రాస్తావు. వడగళ్ళు పడితే ఎంత లావున పడ్డాయో, ఎవరి నెత్తిన పడ్డాయో రాయకుండా ఉంటావా?

పెద్దమ్మని అడిగాను, అక్షరాలు ఎలా ఉన్నాయని. "అక్షరాల్లాగే ఉన్నాయి" అంది. మళ్ళీ అడిగాను. "కొంచెం కిందికి జారుతున్నాయి" అంది. నువ్వు గీత గీసినట్టు రాస్తావు వదినా. బట్ట మీద సుద్దతో గీసే చెయ్యి నీది.

అన్నయ్య ఒక్క ముక్క ఎందుకు రాయలేదు? చేతులు ఖాళీ లేని మనిషి కాదు వాడు. చేతులు ఖాళీ లేకపోతే నోటితో పెన్ను పట్టుకుని రాస్తాడు. పై గుడిసెకి వెళ్ళొచ్చారా? ఎప్పుడు దిగారు?

వచ్చేపోయేవాళ్ళు ఎవరు? ఆ బంగళాకి ఎవరొస్తారు?

నిజం రాయి. నేను ఏడవను, మాటిస్తున్నాను.

నీ మరదలు

(పెద్దమ్మని. ఆమె అన్నం సరిగా తినట్లేదు. మీరేం దాస్తున్నారో తెలియదు గానీ, దాచడం మీకు చేతకాదు.)

రాతి బంగళా, వంటగది
మంగళవారం

పెద్దమ్మగారికి,

మిమ్మల్ని నేను చూడలేదు. అయినా ఈ ఉత్తరం మీకే. దీన్ని ఆమెకి చదవకండి.

మా ఆయన కనిపించడం లేదు.

గురువారం కొండ భుజం దాటి వెళ్ళారు. తిరిగి వస్తుంటే మబ్బు కిందికి దిగి వడగళ్ళు కొట్టాయి. చిలక అనే అమ్మాయి జారి కింద ఒక రాతి అరుగు మీద పడింది. కాలు విరిగింది. మా ఆయనా గైడూ తాడుతో దిగారు గానీ ఆమెని పైకి లాగడం ఇద్దరి వల్ల కాలేదు. మిగతా పిల్లలు చలికి కొయ్యబారిపోతున్నారు. "నువ్వు వీళ్ళని దింపు, మనుషుల్ని తీసుకురా, నేను ఈమె దగ్గరుంటాను" అని ఆయన గైడుని పంపేశారు. వాళ్ళు కిందికి చేరాక కొండ చరియ విరిగి దారి మొత్తం పోయింది.

మర్నాడు చుట్టూ తిరిగి అవతలి నుంచి మనుషులు చేరేసరికి ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. ఒంటి మీద ఆయన కోటు, లోపల ఆయన స్వెట్టరు, తలకి ఆయన టోపీ. కాలికి ఆయన చేతికర్ర పెట్టి బెల్టుతో కట్టారు. తెల్లవారాక, దారి పోయిందని చూసి, "ఇదిగో, ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను" అని చొక్కాతో వెళ్ళారట. మబ్బులో ఎటు వెళ్ళారో ఆ అమ్మాయికి తెలియలేదు.

అప్పటి నుంచీ వాగు వైపు వెతుకుతున్నారు. కింది ఊరి నుంచి మనుషులొచ్చారు, కుక్కల్ని తెచ్చారు. నేను టీలు పెడుతున్నాను. ఎవరు లోపలికొచ్చినా ముందు వాళ్ళ మొహం చూస్తాను. అందరూ కప్పులోకి చూస్తారు.

చిలకని ఇక్కడే పడుకోబెట్టారు, కింది బండి దారి కూడా కోసుకుపోయింది, రొట్టెలూ ఉత్తరాలూ మనిషి నడిచి తెస్తున్నాడు, అది బాగయితే గానీ ఆమెని దింపలేరు. ఆమెకి సూప్ తాగించాల్సింది నేనే. తాగిస్తున్నాను. గరిటె పట్టుకున్న చేతిని చూసి నాకే భయమేస్తోంది పెద్దమ్మగారూ. ఇంత దయలేనిదాన్నని నాకు తెలియదు.

ఆమె ఏడిస్తే కళ్ళు పోతాయి. ఇంట్లో మిగిలేది మేమిద్దరమే అయితే, ఒకరికైనా కళ్ళుండాలి. దయచేసి ఏదో ఒకటి కల్పించి చదవండి.

మీకు రుణపడి ఉంటాను.

కంటి ఆసుపత్రి
బుధవారం

అమ్మాయీ,

నేను చేతకానిదాన్ని. ముందే చెప్పేస్తున్నాను.

స్టేషన్లో ఆలస్యం అని చదివాను, రద్దు అని చదివాను. ఎవరి బండో, ప్లాట్‌ఫారం మీద ఎవరు ఎదురు చూస్తున్నారో నాకు తెలిసేది కాదు. అందుకే గొంతు వణికేది కాదు. ఇది అలా కాదు.

మీ ఉత్తరం చదువుకుని, ఇంకో ఉత్తరం కల్పించి చదివాను. వాన తగ్గిందనీ, పిల్లలు పాటలు పాడుతున్నారనీ, మీ ఆయనకి జలుబు చేసిందనీ. బాగానే కల్పించాననుకున్నాను. మీ మరదలు అంతా విని, "పెద్దమ్మా, నీ గొంతు మైకులో లాగుంది. ఏ బండి రద్దయింది?" అంది.

ఉత్తరం మడిచి కవర్లో పెట్టాను.

"ఉన్నాడా లేడా, ఒక్క మాట చెప్పు."

"వెతుకుతున్నారమ్మా" అన్నాను.

ఏడవలేదు. మంచం అంచులు రెండు చేతులా పట్టుకుంది. వేళ్ళు తెల్లబడిపోయాయి. నర్సు పరిగెత్తుకొచ్చింది, డాక్టరొచ్చాడు, నన్ను తిట్టాడు. తిట్టాల్సిందే. ఆమె మాత్రం "నేను ఏడవను డాక్టర్, మీరు వెళ్ళండి" అంది. తర్వాత మీ అసలు ఉత్తరం అంతా చదివించుకుని, నన్ను బైబిలు తీసి చదవమంది. నేను ఆ పుస్తకం ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. ఎక్కడ చదవమంటావంటే, "కొండలు కదిలినా అని ఉన్నచోట ఎక్కడైనా" అంది. వెతికి చదివాను. ఈసారి మైకు గొంతు రాలేదు.

ఆమె చెప్పింది దీనితో పంపుతున్నాను. కానీ అందులో ముఖ్యమైన సంగతి ఉత్తరం కోసం ఆగదు. మా పాత స్టేషన్ మాస్టరుకి ఫోన్ చేయించాను. కొండ కింద ఆఖరి స్టేషన్‌కి కబురు పంపాడు. అక్కడి నుంచి మనిషిని పరిగెత్తిస్తామన్నారు.

పెద్దమ్మ

అదే కవరులో
బుధవారం

వదినా,

వాడు వాగు వైపు దిగి ఉండడు. అక్కడ వెతికి లాభం లేదు. కొండ భుజానికి అవతల, నల్ల బండల కింద, కప్పు లేని గొర్రెల దొడ్డి ఒకటుంది. ఎప్పుడో వదిలేశారు, దారి మీంచి కనిపించదు. చిన్నప్పుడు నాన్నతో వెళ్ళినప్పుడు ఇలాగే వడగళ్ళు పడితే మేం ముగ్గురం అందులో దూరాం. దాని కింద నుంచి లోయలోకి గొర్రెల బాట ఉందని నాన్న చూపించాడు. మబ్బులో వాడికి తోచేది అదొక్కటే. గైడుకి చెప్పు. నల్ల బండలు, కింద దొడ్డి.

నేను లేచి రాలేను. రాయిలా పడున్నాను. ఏడుపు గొంతు దాకా వస్తే నాలుక కొరుక్కుని మింగుతున్నాను. మింగినదంతా ఎక్కడికి పోతుందో తెలియదు. ప్రార్థనకి మాటలు రావడం లేదు. "ప్రభువా, నేను లేవలేను, నువ్వు లేచి వెతుకు" అని ఒక్కటే అంటున్నాను. తెలిసింది మొదలు అదే. విసుక్కోనీ ఆయన్ని.

నువ్వు నాకోసం దాచావని తెలుసు. ఇంకెప్పుడూ దాచకు. చీకట్లో ఉన్నదానికి ఇంకో చీకటి కప్పినట్టుంది.

నీ మరదలు

రాతి బంగళా
శుక్రవారం

మరదలా,

దాచనని మాటిచ్చినట్టే అనుకుని రాస్తున్నాను. పెద్దమ్మగారూ, ఆమె చెయ్యి పట్టుకుని చదవండి.

దొరికారు. నువ్వు చెప్పిన దొడ్డిలోనే. ప్రాణం లేదు.

కబురు రాగానే గైడు పరిగెత్తాడు. నల్ల బండల మీద ఎక్కడో పడ్డారట, పక్కటెముకలు విరిగాయి. అయినా దొడ్డి దాకా పాకారు. లోయ వైపు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. మొదటి రోజే పోయి ఉంటారని కింది ఊరి డాక్టరన్నాడు. అంటే నేను టీలు పెడుతూ గుమ్మం వైపు చూసిన ఆ రోజులన్నీ ఆయన అక్కడ అలాగే కూర్చుని ఉన్నారన్నమాట. నీ ప్రార్థనలప్పుడు కూడా.

కిందికి తెచ్చాక మొహం చూశాను. ఏదైనా లెక్క తేలకపోతే మీ అన్నయ్య నుదురు ముడివేసేవారు చూడు, బడిలో పాఠం చెప్తూ నల్లబల్ల ముందు. అలాగే ఉంది. తేలలేదు మరదలా.

ఇప్పుడు ఇంకోటి చెప్పాలి. నిన్న పాస్టరుగారు వచ్చారు. అందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేశారు. నన్ను ఓదార్చమని దేవుణ్ణి అడిగారు, సరే. తర్వాత చిలక ప్రాణం కాపాడినందుకు స్తోత్రం చెప్పారు. పిల్లలంతా "స్తోత్రం" అన్నారు. నా చేతిలో సూప్ గరిటె ఉంది. విసిరికొట్టాను. అది గోడకి తగిలి సూప్ అంతా పాస్టరుగారి కోటు మీద పడింది. "ఒకరిని లెక్కపెట్టి ఇంకొకరిని మర్చిపోయే దేవుడికి స్తోత్రమా? ఆయనకి రెండో మనిషి కనిపించలేదా?" అని అరిచాను. పాస్టరుగారు కోటు తుడుచుకోలేదు. "నాకూ తెలియదమ్మా" అన్నారు. నాకు ఆ మాట కూడా నచ్చలేదు.

వంటగదిలోకి వెళ్ళిపోయాను. తలుపు పక్కనే చిలక మంచం. అంతా విన్నట్టుంది. "అక్కా" అంది. నేను దీపం బుడ్డి తుడవడం మొదలుపెట్టాను.

"ఆయన పాడుతూనే ఉన్నారక్కా, నేను నిద్రపోతే చచ్చిపోతానని. నాకు కోపమొచ్చింది, పాట బాలేదు, ఆపండి అన్నాను. అయితే నువ్వు పాడు అన్నారు." దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ, "నేను చచ్చిపోయి ఆయన వచ్చుంటే బాగుండేది కదక్కా?" అంది.

కాదు అనాలి. ఎవరైనా అంటారు. నా నోరు తెరుచుకోలేదు. ఆమె నా మొహం చూసింది. నేను దీపం బుడ్డి తుడుస్తూ నిలబడ్డాను, అప్పటికే తుడిచినదాన్నే. ఆమె గోడ వైపు తిరిగింది.

ఇవాళ దారి బాగైతే ఆమెని కింది ఆసుపత్రికి దింపారు. నేను చూడటానికి వెళ్ళలేదు. నేను ఆమెకి జవాబు చెప్పలేదు, ఎందుకంటే అవును అనుకున్నాను. నీకు తప్ప ఎవరికి చెప్పను?

ఆదివారం కొండ కింది చర్చిలో సమాధి చేస్తారు. నువ్వు రాలేవు. నీ బదులు కూడా నేనే మట్టి వేస్తాను.

వదిన

కంటి ఆసుపత్రి
మంగళవారం

వదినా,

కట్లు విప్పారు. ఎడమ కంట్లో ఏమీ లేదు. కుడి కంట్లో కిటికీ మసగ్గా తెల్లగా ఉంది, దాని ముందు నల్లగా పెద్దమ్మ. ఇంకొంచెం బాగవుతుందట. సూదిలో దారం సంగతి తెలియదు.

విప్పాక ఏడవొచ్చా అని అడిగాను. ఇంకా వద్దన్నాడు. నాకూ రావట్లేదు. ఇన్నాళ్ళు మింగి మింగి అలవాటైపోయినట్టుంది. ఆదివారం నువ్వు మట్టి వేసి ఉంటావనుకున్న వేళకి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని పడుకున్నాను. మాకు అమ్మానాన్నలు పోయాక వాడే కొండంత అండ. ఆ కొండే వాణ్ణి తీసుకుంది.

నా ప్రార్థనలప్పుడు కూడా వాడు అలాగే కూర్చున్నాడని రాశావు. ఆ మాట నన్ను చాలా కోసింది. నేను వెతకమన్నాను, దేవుడు వెతకలేదో, వాడు ముందే ఆయనకి దొరికాడో. ఎందుకని నేనూ అడిగాను. జవాబు రాలేదు. వచ్చినట్టు నీ దగ్గర నటించను. నమ్మకం పోయిందా అంటే పోలేదు. పగిలిన గిన్నె చేత్తో పట్టుకున్నట్టుంది, పట్టుకున్నచోటల్లా తెగుతోంది, కింద పెట్టలేను.

కానీ చిలక సంగతి వేరు. నీ మీద నాకు కోపంగా ఉంది. నువ్వు అవును అనుకున్నందుకు కాదు. నేనూ అనుకున్నాను, ముందు అదే అనుకున్నాను. నువ్వు అక్కడి నుంచి లేచి వెళ్ళకుండా నిలబడి, ఆ పిల్లకి మొహం చూపించినందుకు.

వాడు కోటు విప్పాడు, స్వెట్టరు విప్పాడు, ఆ చలిలో. పొరపాటున విప్పలేదు వదినా. నీకు తెలుసు వాడెంత చలిమనిషో, వేసవిలో కూడా రెండు దుప్పట్లు కావాలి. వాడు ఆ పిల్ల బతకాలనుకున్నాడు. నువ్వు జవాబు చెప్పకపోతే, వెళ్ళి దాని ఒంటి మీంచి ఆ కోటు లాగేసినట్టే.

అమ్మా నాన్నా లేని పిల్ల. హాస్టల్లో దానికి ఎవరు చెప్తారు?

నీకు ప్రేమ రావాలని అడగట్లేదు. వెళ్ళమంటున్నాను.

నీ మరదలు

(పెద్దమ్మని. నన్ను ఇంటికి పొమ్మన్నారు, ఇంకా రెండు రోజులు కన్ను నొప్పిగా ఉందని అబద్ధం చెప్పాను. ఆమె దగ్గర నేనున్నాను. మీరు అక్కడి పని చూసుకోండి.)

కొండ కింది ఆసుపత్రి, వార్డు బయట బెంచీ
గురువారం

మరదలా,

మట్టి వేశాక సామాన్లు సర్దడానికి మళ్ళీ బంగళాకి వెళ్ళాను, అక్కడ నీ ఉత్తరం చదివి ముందు చింపేద్దామనుకున్నాను. రొట్టెల బండి డ్రైవరు ఎదురుగా నిలబడి, "దిగుతున్నారామ్మా, ఖాళీ ఉంది" అన్నాడు. ఎక్కాను. ఏం చెప్పాలో తెలియకుండానే ఎక్కాను. దారంతా ప్రార్థన చేద్దామని చూశాను. "ప్రభువా" దగ్గర ఆగిపోతోంది. అంతవరకే చాలన్నట్టు అదే అనుకుంటూ వచ్చాను. స్తోత్రం మాత్రం చెప్పలేదు. చెప్పలేను, ఇప్పట్లో.

వార్డులో ఆ చివర మంచం. కాలికి సిమెంటు కట్టు, పైకి ఎత్తి కట్టారు. ఆ పిల్ల పక్కకి తిరగలేక మొహం మాత్రం గోడ వైపు పెట్టుకుంది. నర్సు చెప్పింది, వచ్చిన దగ్గర్నుంచీ నోరు విప్పలేదట. "ఈమెనా చిలకంటారు?" అని అడిగింది.

జుట్టంతా చిక్కులు పడి ఉంది. ఇంకా కొండ మట్టి ఉంది అందులో. స్టూలు లాక్కుని కూర్చున్నాను. దువ్వెన తీసి కింది నుంచి చిక్కు తీయడం మొదలుపెట్టాను. ఎవరో తెలిసి బిగుసుకుపోయింది. ఊపిరి కూడా ఆపింది. మట్టి రాలి దిండు మీద పడుతోంది. నా చేతులు కోపంగానే ఉన్నాయి, అబద్ధం చెప్పను, ఒకటి రెండుసార్లు గట్టిగానే లాగాను. అబ్బా అనలేదు.

చివరికి అన్నాను. "నువ్వొకటి అడిగావు. దానికి జవాబు, కాదు."

దువ్వెనలో ఇరుక్కున్న మట్టి దులిపాను.

"కాదు" అని మళ్ళీ అన్నాను. "నువ్వు బతకడం తప్పు కాదు. ఆయన నిన్ను బతికించాలనుకున్నారు. ఆయన అనుకున్నది జరిగింది. నాకు ఆయన కావాలి, అది వేరే సంగతి. అది నీతో తేలేది కాదు."

అప్పుడు మొహం తిప్పింది. నేను అనుకున్నదానికంటే చిన్న పిల్ల. చెంప మీద వడగళ్ళ దెబ్బలు ఇంకా కమిలే ఉన్నాయి. నా కళ్ళలోకి చూసింది, ఆ రోజు వంటగదిలో చూసినట్టే, ఏముందో వెతుకుతూ.

"నిజంగా అంటున్నావా అక్కా?"

ఏం చెప్పను మరదలా? లోపల ఇంకా ఆ రోజు అనుకున్న "అవును" ఉంది. పోలేదు. కానీ ఆ పిల్ల జుట్టు నా చేతిలో ఉంది, సగం చిక్కు తీసి, సగం అలాగే.

"ఇవాళ్టికి నిజం" అన్నాను. "రేపు మళ్ళీ అడుగు."

దువ్వడం పూర్తి కాలేదు. గంట కొట్టి బయటికి పంపేశారు. రేపు పొద్దున్నే తలుపులు తెరుస్తారట. చర్చి వెనక గదిలో పడుకుంటాను.

మీ వదిన